గుమ్మం నుంచి సెంటరు దాకా: పెద్దవయసులో కారు లేకుండా బెజవాడలో

మా నాన్న డెబ్బై నాలుగో ఏట కారు నడపడం మానేశారు. మానమని ఎవరూ చెప్పలేదు. సత్యనారాయణపురంలో మా ఇంటి గేటు స్తంభానికి ఆ ఏడాది కారు ఎడమ తలుపు మూడుసార్లు రాసుకుంది. మూడోసారి దిగి, ఆ గీతను బొటనవేలితో ఒకసారి తడిమి, తాళంచెవి తెచ్చి దేవుడి గూడు పక్కన మేకుకు తగిలించారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు కారు కవరు కప్పుకుని అక్కడే ఉంది. ఆ ఏడాదిన్నరలో నాన్న బయటికి వెళ్లడం సగానికి పైగా తగ్గిపోయింది. అమ్మ ఆయనకంటే ఐదేళ్లు చిన్నది, మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే తిరిగింది.

ఒకే ఇల్లు, ఒకే వీధి. కారు ఆగిపోయింది ఇద్దరికీ. ఒకరు ఇంట్లో చిక్కుబడిపోయారు, ఒకరికి పెద్ద తేడా తెలియలేదు. ఇదెందుకో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

కారు దేనికి అంటే దూరం వెళ్లడానికి అనుకుంటాం. అది చేసే పనుల్లో దూరం చిన్నది. గుమ్మంలో ఎక్కించుకుని గుమ్మంలో దించుతుంది. ఎవరినీ అడగకుండా, ఎవరి కోసమూ ఆగకుండా బయల్దేరనిస్తుంది. దూరానికైతే బెజవాడలో బదులు బోలెడుంది: సిటీ బస్సు, షేర్ ఆటో, మామూలు ఆటో, ఫోనులో పిలిచే బండి. మిగిలిన రెండింటికే బదులు వెతుక్కోవాలి. కారు మానేసిన పెద్దవాళ్లు ఇంటికి అతుక్కుపోయేది అక్కడే.

ఎప్పుడు మానాలో చట్టం చెప్పదు

ఫలానా వయసు దాటితే బండి నడపకూడదనే నిబంధన మన దేశంలో లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక సొంత బండ్ల లైసెన్సు గడువు వయసును బట్టి ఉంటోంది. 30 ఏళ్లలోపు తీసుకుంటే 40 నిండేదాకా, 30 నుంచి 50 మధ్య అయితే పదేళ్లు, 50 నుంచి 55 మధ్య అయితే 60 నిండేదాకా, 55 దాటాక ఐదేసి ఏళ్లు. నలభై దాటినవాళ్లు రెన్యువల్‌కు ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు వెళ్లాలి. చట్టం చూసేది ఇంతవరకే. ఆ ఐదేళ్ల మధ్యలో కంట్లో శుక్లం ముదిరినా, షుగరు మందు మారి మధ్యాహ్నంపూట షుగరు పడిపోతున్నా, మెడ తిరగడం కష్టమైనా దానికి తెలిసే దారి లేదు. తెలిసేది ఇంట్లోవాళ్లకే. ఆ మాట ఎత్తడానికి ఇంట్లోవాళ్లకు నోరు రాదు.

నోరు రాకపోయినా కంటికి కనపడే గుర్తులుంటాయి. అందరికంటే ముందు బయటపెట్టేది కుడి మలుపు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి కుడికి తిరగడమంటే ఎదురొచ్చే బండ్లకు అడ్డంగా వెళ్లడమే. ఎదుటి బండి ఎంత వేగంగా వస్తోంది, నేను దాటేలోపు మీదికి వస్తుందా అని ఒక్క క్షణంలో అంచనా వేయాలి. చివరి రెండేళ్లూ నాన్న చుట్టుగుంట దగ్గర కుడికి తిరగాల్సినప్పుడల్లా ఎడమకే వెళ్లి, చాలా ముందుకు పోయి, ఖాళీ చూసుకుని వెనక్కి తిప్పుకొచ్చేవారు. పక్క సీట్లో నేను కూర్చుని కూడా దాన్ని జాగ్రత్త అనుకున్నాను.

గుర్తు కనపడగానే తాళంచెవి లాక్కోవడమూ సరికాదు. ముందు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రాత్రిపూట ఎదుటి లైటు చుట్టూ వెలుగు పింజెలుగా విచ్చుకుంటోందంటే శుక్లం కావచ్చు. ఆపరేషన్‌తో చాలామందికి అది తీరిపోతుంది. ఒక పక్క గోడలకు, స్తంభాలకు రాసుకుంటోందంటే నీటికాసుల కోసం పరీక్ష చేయించాలి. ఆ జబ్బు పక్కచూపును చప్పుడు లేకుండా తినేస్తుంది, పోయిన చూపు మళ్లీ రాదు. నాన్నకు రెండూ లేవని తేలింది. ఆయనకు తిరగనిది మెడ.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కారు మానేసి స్కూటరు తీసే పెద్దవాళ్లు మన ఊళ్లో చాలామంది. దగ్గరికే కదా, నెమ్మదిగానే పోతాను కదా అంటారు. ఆ కళ్లు, ఆ మెడ, ఆ అంచనా స్కూటరు మీదా అవే. చుట్టూ ఉన్న ఇనుప డొక్కు ఒక్కటే పోయింది. గుంతలో పడి తుంటి ఎముక విరిగితే డెబ్బై దాటిన మనిషి మళ్లీ మామూలుగా నడవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఆ నడక రానే రాదు. కారు వదిలేయాల్సిన కారణం ఉన్నప్పుడు స్కూటరు అంతకంటే ముందు వదిలేయాలి.

నాలుగు వందల మీటర్లు

బెజవాడలో కూడలిని సెంటరు అంటాం. బస్సు, షేర్ ఆటో దొరికేది సెంటర్లోనే. ఇది ఊరి నేల పెట్టిన పద్ధతి. ఒక పక్క కృష్ణ, ఒక పక్క కొండలు, ఊరిని కోసుకుంటూ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, వాటికి తోడు రైలు పట్టాలు. అటు నుంచి ఇటు దాటాలంటే ఏదో ఒక వంతెన దగ్గరికి రావాల్సిందే. అందుకని రాకపోకలన్నీ ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు లాంటి కొన్ని రోడ్ల మీదికే వచ్చి పడతాయి. ఆ రోడ్ల మీద నిలబడితే కాసేపట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. లోపలి వీధుల్లోకి మాత్రం బస్సు రాదు. సెంటరు నుంచి అవతలి సెంటరుకు వెళ్లడం తేలిక, గుమ్మం నుంచి సెంటరుకు చేరడమే కష్టం.

మా ఇంటి నుంచి సెంటరు నాలుగు వందల మీటర్లు. ఒకరోజు ఉదయం నాన్న వెనకే నడిచి చూశాను. మొదటి యాభై మీటర్లు బాగానే నడిచారు. ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, రోడ్డు మీదికి దిగారు. మళ్లీ ఎక్కితే కాలువ మీద పలక ఒకటి అడుగు పెట్టగానే ఊగింది, గోడ పట్టుకున్నారు. తర్వాత వరసగా మోటారు సైకిళ్లు, మళ్లీ రోడ్డు మీదికి. కిరాణా కొట్టు మెట్టు దగ్గర ఏదో కొనేవాడిలా ఆగి, బిస్కెట్ల సీసాల వంక చూస్తూ ఊపిరి తీసుకున్నారు. కూర్చోవడానికి చోటు లేదు కాబట్టి, ఊరికే నిలబడితే బాగుండదు కాబట్టి. మొత్తం నాలుగుసార్లు ఫుట్‌పాత్ దిగి ఎక్కారు. ఆ దిగడం ఎక్కడమే ఆయన భయమని అప్పుడు తెలిసింది. మా వీధి చివర ఆ గట్టును టేపు పెట్టి కొలిచాను, 270 మిల్లీమీటర్లుంది. పాదచారుల సౌకర్యాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ప్రకారం ఆ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, నడవడానికి అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి.

రోడ్డు దాటడమూ ఇలాంటిదే. సిగ్నల్ దగ్గర మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో సమయం ఇస్తారు. 24 మీటర్ల రోడ్డు దాటడానికి ఆ లెక్కన 20 సెకన్లు చాలు. నాన్న సెకనుకు 0.8 మీటర్లు నడుస్తారు, ఆయనకు 30 సెకన్లు కావాలి. మిగిలిన పది సెకన్లు ఆయన రోడ్డు నడిమధ్యలో, హారన్ల ముందు ఉంటారు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ కిందికే, అంటే జీవించే హక్కు కిందికే వస్తుందని చెప్పింది. నాకు ఆ తీర్పు మా వీధిలో నాన్న గోడ పట్టుకున్న చోటు గురించి చెప్పినట్టే అనిపించింది. ఊరికి మెట్రో రావాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాం, గన్నవరం వైపు ఒక లైను, పెనమలూరు వైపు ఒకటి అని ప్రణాళికలున్నాయి. వస్తే మంచిదే. ఆ స్టేషను దాకా కూడా నడిచే వెళ్లాలి. గుమ్మానికీ సెంటరుకూ మధ్య నీడలో ఒక బెంచీ, ఊగని పలకలు, తక్కువ ఎత్తు గట్టు: పెద్దవాళ్లకు వీటికంటే ముందు కావలసింది ఇంకేమీ లేదని నా నమ్మకం.

అవి వచ్చేదాకా ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. పెద్దవాళ్లతో కలిసి ఆ దారి ఒకసారి నడిచి, ఎక్కడ ఆగొచ్చో, ఏ వైపు నడవాలో, ఏ సమయంలో బండ్లు తక్కువో ముందే ఖాయం చేసుకోవడం. మా కిరాణా కొట్టాయన్ను అడిగితే మెట్టు పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేశాడు. "ఇంత చిన్నదానికి అడగాలా బాబాయిగారూ, వచ్చి కూర్చోండి" అన్నాడు నాన్నతో.

అమ్మకు తెలిసిన విద్య

అమ్మ ఏనాడూ స్టీరింగ్ ముందు కూర్చోలేదు. నాన్న ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో ఊరంతా బస్సు మీదా రిక్షా మీదా తిరిగింది. ఆవిడ తరం ఆడవాళ్లలో ఎక్కువమంది కారు లేకుండానే జీవితమంతా గడిపారు. నాన్న డెబ్బై నాలుగో ఏట నేర్చుకోవాల్సి వచ్చిన విద్య అమ్మకు ముప్పయ్యో ఏటే వచ్చు. ఇద్దరి మధ్యా తేడా అక్కడుంది.

ఆ విద్యలో ఏముందో ఆవిడనే అడిగాను. పదిన్నరకు ముందు, మూడున్నర తర్వాత బస్సెక్కకూడదు, కాలేజీ పిల్లల రద్దీ. సీటు కావాలంటే బస్సు బయల్దేరే చోటే ఎక్కాలి. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరైతే తీరిగ్గా ఎక్కొచ్చు, మధ్యలో అయితే కడ్డీ పట్టుకుని వేలాడాలి. రోహిణి కార్తె ఎండల్లో ఈ లెక్కంతా తారుమారు, ఏ పనైనా ఉదయం తొమ్మిదిలోపు ముగించుకుని రావాలి. షేర్ ఆటోలో వెనక మధ్య సీటు వచ్చేదాకా ఆగాలి, డ్రైవరు పక్కన ఒక్క అంగుళం కూడా కూర్చోకూడదు. బస్సెక్కేటప్పుడు నొప్పిలేని కాలు ముందు పెట్టాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించాలి. ఈ చివరిది ఆవిడకు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. ఆవిడ ఎక్కే తీరు చూశాను: చేతిసంచి భుజానికి వేసుకుని, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఎడమ కాలు పెట్టి, ఒక క్షణం ఆగి, కుడికాలు దాని పక్కకు తెచ్చుకుంటుంది. వెనకవాళ్లు తోసుకొస్తున్నా తొందరపడదు.

ఆ మెట్టు ఎత్తు కూడా మాట్లాడుకోవాల్సిన విషయమే. కేంద్రం నగర బస్సులకు ఇచ్చిన ప్రమాణాల్లో 400, 650, 900 మిల్లీమీటర్ల ఎత్తు ఫ్లోరు రకాలున్నాయి. 400 అయితే ఫుట్‌పాత్ మీంచి దాదాపు అడుగు వేసినట్టే బస్సులోకి వెళ్లొచ్చు. 900 అయితే నిటారు మెట్లు ఎక్కాల్సిందే. మోకాలి నొప్పి ఉన్న మనిషికి టికెట్టు ధరకంటే ఈ ఎత్తే ముఖ్యం.

ధర సంగతి చూస్తే, 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మన రాష్ట్రపు ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. అరవై దాటిన మగవాళ్లకు ఆర్టీసీ ఇచ్చే 25 శాతం రాయితీ ఉంది, వయసు రుజువు చూపించాలి. రైల్లో పెద్దవాళ్ల టికెట్టు రాయితీ 2020 మార్చిలో తీసేశారు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా మాత్రం ఉంది.

ఫోనులో పిలిచే బండ్ల గురించి పిల్లలు అనుకున్నంత తేలిగ్గా పెద్దవాళ్లకు కుదరదు. మ్యాపులో గుర్తు పక్క సందులో పడుతుంది. డ్రైవరు ఫోను చేసి "ఎక్కడున్నారు సార్" అంటాడు, చెవి సరిగా వినపడని మనిషి రోడ్డు మోతలో ఏం చెప్పగలడు? పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చుని బుక్ చేసి పెట్టొచ్చు. అప్పుడు సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా అమెరికాలో పొద్దెక్కేదాకా ఆగాలి. మాకు పనికొచ్చింది తెలిసిన ఆటో అబ్బాయే.

అడగడం అనే గండం

నాన్న అసలు ఇబ్బంది ఇది. పక్కింటి కుర్రాడికి కారుంది, అడిగితే కాదనడు. నాన్న అడగరు. తమ్ముడు సెలవు పెట్టి వస్తానంటాడు, వద్దంటారు. డాక్టరు దగ్గరికైతే నోరు తెరుస్తారు, స్నేహితుణ్ని చూడాలనిపించిందని మాత్రం చెప్పరు. ఇలా ముందు సరదా ప్రయాణాలు పోతాయి, తర్వాత పెళ్లిళ్లు పోతాయి, చివరికి ఆసుపత్రి ప్రయాణాలే మిగులుతాయి. మందులు ఇంటికి తెప్పించుకోవచ్చు, రక్తపరీక్షకు మనిషే ఇంటికొస్తాడు, కూరగాయలు ఫోనులో వస్తాయి. ఈ సౌకర్యాలన్నీ మంచివే గానీ, ఇవి పెరిగేకొద్దీ మనిషి గడప దాటాల్సిన కారణం తగ్గుతుంది. గాంధీనగర్ హోటల్లో స్నేహితులతో కాఫీని ఎవరూ ఇంటికి తెచ్చివ్వలేరు.

మేం చేసిందేమిటంటే, మంగళవారం, శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఆటో గుమ్మం ముందుకు వచ్చేలా నెలకు మాట్లాడుకున్నాం. పనున్నా లేకపోయినా వస్తుంది. మొదటి రెండు వారాలు నాన్న విసుక్కున్నారు. మూడో వారం నుంచి చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుంటున్నారు. ఎవర్నీ అడగక్కర్లేదు, రావద్దని చెప్పాలంటేనే ఆయన నోరు తెరవాలి.

డబ్బు దండగ అన్న మాట ఇంట్లో వచ్చింది. నాన్నకు పద్దు రాసే అలవాటుంది కాబట్టి, ఆయన కారు నడిపిన చివరి ఏడాది లెక్క తీశాం. ఇన్సూరెన్సు 8,500, సర్వీసింగు 7,000, కొత్త బ్యాటరీ 4,800, కారు తుడిచే అబ్బాయికి 6,000, పెట్రోలు 26,000. మొత్తం 52,300, నెలకు 4,350 పైచిలుకు. ఏటేటా పడిపోయే కారు విలువ ఇందులో కలపలేదు. ఆటోకు సగటున వంద వేసుకుంటే నెలకు నలభై మూడు ప్రయాణాలు. నాన్న నలభై మూడుసార్లు ఏనాడూ బయటికి వెళ్లలేదు. అయినా పెట్రోలు బంకులో రెండు వేలు ఇచ్చినప్పుడు బాధపడని మనిషి, ఆటోకు నూట ఇరవై ఇవ్వాలంటే వెనకాడతారు. ఎందుకంటే ఆ నూట ఇరవై ప్రతిసారీ చేతిలోంచి పోతూ కనపడుతుంది. అందుకని అమ్మ ఒకటో తారీఖున నాలుగు వేలు విడిగా ఒక స్టీలు డబ్బాలో వేస్తుంది. అది కారు డబ్బు, నెలాఖరుకు ఖర్చయిపోవాల్సిందేనని ఆవిడ షరతు.

అర్ధరాత్రి ఏమైనా అయితే ఎలా అనేది కారు ఉంచుకోవడానికి అందరూ చెప్పే కారణం. గుండెనొప్పితో ఉన్న మనిషి తన కారు తాను నడుపుకుంటూ వెళ్లడమే అన్నింటికంటే ప్రమాదం. 108కి ఫోను చేయాలి. ఇంటి నంబరు, దగ్గరి గుడి లేదా బడి గుర్తు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన అంటించి ఉంచుకుంటే కంగారులో తడబడకుండా చెప్పొచ్చు.

అరవైలోనే తేలిపోయేది

ఇంత చెప్పినా, సత్యనారాయణపురం కాబట్టి ఇవన్నీ కుదిరాయి. డాక్టర్లు రెండు మూడు కిలోమీటర్లలో, బజారు పక్కనే, స్టేషనుకు ఆటోలో పది నిమిషాలు. రిటైరయ్యాక ప్రశాంతంగా ఉంటుందని పోరంకి అవతలా, గొల్లపూడి అవతలా, తాడేపల్లి లోపలికీ వెళ్లి ఫ్లాటు కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు. కొన్న రోజున కారుంది, అరవై ఏళ్లున్నాయి, మెయిన్ రోడ్డు కిలోమీటరున్నర అంటే దగ్గరే అనిపించింది. పదిహేనేళ్ల తర్వాత అదే కిలోమీటరున్నర దాటలేని దూరమవుతుంది. కొనే ముందు ఒకరోజు కారు ఇంట్లో వదిలేసి, ఆ ఫ్లాటు నుంచి నడిచి బస్సెక్కి, మందుల షాపుకు వెళ్లి రావాలి. నా దృష్టిలో వాస్తు కంటే ముందు చూడాల్సింది ఇది. ఇప్పటికే అక్కడ స్థిరపడినవాళ్లకు అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఒక దారి చూపించగలదు: పది ఇళ్లు కలిసి ఒక ఆటోను నెలకు మాట్లాడుకుని, పొద్దున రెండు ట్రిప్పులు సెంటరు దాకా తిప్పిస్తే మనిషికి పడేది కొద్ది మొత్తమే.

కారు అమ్మే రోజు

అమ్మాలనుకుంటే నడిపే ఓపిక ఉండగానే అమ్మడం మేలు; ఏడాదిన్నర కవరు కింద ఉన్న మా బండికి వచ్చిన ధర చూశాక చెబుతున్న మాట ఇది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గరపడేకొద్దీ బేరం తగ్గుతుంది.

డబ్బు చేతిలో పడగానే పని అయిపోయిందనుకోకూడదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, ఆర్‌సీలో పేరు మారేదాకా వెంటపడాలి. కారు చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే ఫారం 35తో తీయించాలి. ఇన్సూరెన్సులో కూడిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, మనిషిది. కంపెనీని అడిగి ఉత్తరం తీసుకుంటే మనసు మారి మూడేళ్లలోపు మరో కారు కొన్నా పనికొస్తుంది. నాన్న ఆ ఉత్తరం అడిగి మరీ తీసుకున్నారు, తాళంచెవి ఉన్న మేకుకే తగిలించారు.

ఫాస్టాగ్ సంగతి మేం మరిచిపోయాం. దాన్ని మూయించకుండా కారు ఇచ్చేశాం. వారం తర్వాత ఒక ఉదయం నాన్న ఫోనుకు కాజా టోల్‌గేటులో డబ్బు కట్ అయినట్టు మెసేజీ వచ్చింది. ఆయన అప్పుడు అరుగు మీద ఆటో కోసం కూర్చుని ఉన్నారు.